నలభై ఒక్క మోడాలు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో పొద్దున ఎనిమిది గంటలు. బెంగళూరులో మబ్బుల మీద, ఈ ఊరి మాటలో మోడాల మీద, పరిశోధన చేసే హర్షిణి, తాను జేజినాయన అని పిలిచే తాత వెంకటరాముడి పాత నోటుబుక్కులన్నీ అరుగు మీద పరిచి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. రేపు సాయంత్రానికి ఆమె వ్యాసం పంపి తీరాలి. పెద్దాయన మాత్రం కాలు మీద కాలు వేసుకుని, పెండ్లికొడుకు తండ్రిలాగా ఉన్నాడు.

"ఇంగోసారి చెప్పు పాపా. ఎవురు గెలిచినారు?"

"గెలిచేది ఓడేది ఏముండాది జేజినాయనా? ఇదేమన్నా ఎద్దుల పందెమా?"

"రోంత చెప్పు. నిన్న ఫోన్లో చెప్పినావు గదా, అట్లనే చెప్పు. ఎదురింట్లో పుల్లయ్య వింటాండాడు, గట్టిగా చెప్పు."

"నీ నోటుబుక్కు గెలిచింది. శాటిలైటు ఓడిపోయింది. చాలునా?"

"చాలు. అంత ఎత్తున తిరిగేదానికి కనపడని మోడం, ఈ అరుగు మీద కూచున్న నాకు కనపడింది. మీ జేజి నాకు చూపు తక్కువని ఊరంతా చాటింపేస్తాండాది, వచ్చినాక ఆయమ్మకు కూడా చెప్పు."

"ఎచ్చులు చాల్లే. ముందర ఈ కాగితం మీద సంతకం పెట్టు."

"సంతకమా? ఏం రాసినావు దాంట్లో?"

"‘ఈ నోటుబుక్కుల్లో ఉన్న మోడాలు, ఎండలు అన్నీ నేను నా కండ్లతో చూసి, ఏ పొద్దుకు ఆ పొద్దే రాసినవి’ అని. కింద నీ పేరు."

"అన్నీ అనే రాసినావా?"

"అన్నీ అనే."

"శానా అని రాయకూడదా?"

"శానా ఏంది? శుభలేఖనా ఇది, శానామంది చుట్టాలు వస్తాండారని రాసేకి?"

"ఊరికే అడిగినాలే. నా కండ్లద్దాలు లోపల ఉన్నట్టుండాయి."

"నీ నెత్తి మీద ఉండాయి."

"ఓహో. ఉండనీ. పాపా, ఈ కాగితం యాడికి పోతాది?"

"నా వ్యాసం ఎనకాల పోతాది. ముందర మా సారు చూస్తారు, ఆ తర్వాత దేశదేశాల వాళ్ళు చూస్తారు."

"దేశదేశాల వాళ్ళకు మన వీధి మోడంతో పనేంది? వాళ్ళకు మోడాలు లేవా?"

"వాళ్ళకు సముద్రంతో పని. హిందూ మహాసముద్రం మీద ఎంత మబ్బుందో ఆ శాటిలైటు దినామూ చూసి చెప్తాది. అది చెప్పేది నిజమా కాదా అని చూసేకి నడి సముద్రంలో మనిషి యాడుంటాడు? నీళ్ళ మీద అరుగు కట్టుకోని కూచుంటాడా?"

"కూచోడు."

"అందుకే నీ కాడికి వచ్చినా. అదే శాటిలైటు సముద్రం దాటిన ఐదు నిమిషాలకు మన నెత్తి మీదికి వస్తాది. తెల్లార్తో, నువ్వు వీధిలో నిలబడి ఆకాశం చూసే యాళకు. పన్నెండేండ్లు ఒక్క పొద్దు తప్పకుండా రాసినావు నువ్వు. ఈ పక్కల ఇట్ల రాసినోళ్ళు ఇంగెవురూ దొరకలే మాకు."

"రాయక ఏం చేస్తా? పడుగు వరస నా చేతిలో పెట్టినారు. తొమ్మిదిండ్లు, ఒకటే వీధి. పొద్దుకు ఒక ఇంటి పడుగు దారాలు సాపేకే జాగా. తెల్లార్తో నేను ‘ఎండ’ అని అరిస్తే, వరస ఉన్నోళ్ళు ఆ గుంజ కాన్నుంచి ఈ గుంజ దాకా పడుగు సాపి గంజి పెట్టల్ల. ‘మోడం’ అంటే ఎవురూ సాపేకి లేదు. గంజి ఆరదు, దారాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వరస మర్నాటికి పోతాది. తగువు రాకుండా అదంతా రాసి పెట్టల్ల గదా."

"నువ్వు ‘మోడం’ అంటే అందరూ వినేటోళ్ళా?"

"వినక? మనిషి కోసం మన వీధి ఆగదు పాపా. పెండ్లని ఆగదు, జాతరని ఆగదు. మోడం ఒక్కదానికే ఆగుతాది. మా నాయన కాలం నుంచి అదే కట్టుబాటు. ఇప్పుడంటే మిల్లు కాన్నుంచి గంజి పెట్టిన పడుగే వస్తాండాది గానీ, అప్పుడు నా నోట్లో మాటే ఈ వీధికి పంచాంగం."

"అందుకే నీ మాట అంటే మా సారుకు అంత గురి. ఇప్పుడు విను. 2007లో సముద్రం మీద మబ్బు తగ్గిపోయిందని శాటిలైటు చెప్పింది. సారుకు నమ్మకం కుదర్లే. దాని చూపే మందగించిందేమో అని ఆయన అనుమానం. సరే అని నీ నోటుబుక్కు తీసి చూస్తే, ఆ ఏడు నలభై ఒక్క పొద్దులు నువ్వు ‘మోడం’ అని రాసినావు, అది ‘ఏమీ లేదు’ అనింది. మిగతా పదకొండేండ్లు మీ ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే మాట."

"నలభై ఒకటా?"

"నలభై ఒకటి."

"సరిగ్గా ఎంచినావా?"

"మూడుసార్లు ఎంచినా."

"నేను ముప్పై, ముప్పై ఐదు ఉంటాయనుకుంటి."

"ఏందీ?"

"ఏం లేదు. చెప్పు, చెప్పు."

"మన వీధి మీద నలభై ఒక్క మబ్బులు దానికి కనపడకుండా పోయినాయంటే, సముద్రం మీద కూడా అట్లనే పోయింటాయి గదా? ఆ లెక్కన సముద్రం మీద మబ్బును కలిపినాం. కలిపేసరికి తగ్గిందే లేదు. ‘మబ్బు తగ్గలే, శాటిలైటు కన్నే తప్పు’ అని నా వ్యాసం."

"అంటే నా మోడాలు తీసుకపోయి సముద్రం మీద పెట్టినావా?"

"పెట్టినా."

"నన్ను ఒక మాట అడగల్ల గదమ్మా!"

"నీ మోడాలేమన్నా మేకలా, తోలకపోయే ముందర అడిగేకి?"

"అట్ల కాదు పాపా. మాటవరసకు, తగ్గిందనుకో. నిజంగా తగ్గింటే ఏమయితాది?"

"నీళ్ళకు ఎండ ఎక్కువ తగులుతాది, సముద్రం కాగుతాది, వానలు అటిటు అయితాయి. అందుకే తగ్గిందో లేదో సరిగ్గా తెలియల్ల. తగ్గినదాన్ని తగ్గలేదని రాస్తే, రేపు నా రాత నమ్మి లెక్కలు వేసేటోళ్ళంతా తప్పుతారు."

"అయితే ఇది ఎగతాళి యవ్వారం కాదన్నమాట."

"మూడేండ్లు దీని మీదే కూచున్నా జేజినాయనా. సంతకం పెట్టు."

"పెన్ను రాయదేమో."

"రాస్తాది."

"ఈ ఎండకు ఇంకు ఆరిపోయింటాది."

"జేజినాయనా!"

"మీ జేజి ఉగ్గాని చేస్తాండాది. తిన్నాక పెడతా. ఆకలి మీద పెట్టిన సంతకం వంకర పోతాది."

ఇంతలో జేజి హనుమమ్మ ఉగ్గాని తట్టలు పట్టుకుని రానే వచ్చింది.

"ఈయప్పతో సంతకమా? రేషన్ కార్డుకు ఒక్క గీత గీయమంటే మూడు దినాలు తిప్పినాడు. ఏం సంతకమమ్మా అది?"

"నువ్వన్నా చెప్పు జేజీ. ఈ నోటుబుక్కులు తాను చూసి రాసినవే అని పెట్టేకి పెన్ను రాయదంటాడు, ఇంకు ఆరిపోయిందంటాడు."

"ఏ ఏటివి?"

"2007వి ముఖ్యం. ఆ ఏడు నలభై ఒక్క మోడాలు ఉండాయి, శాటిలైటుకు కనపడనివి."

"నలభై ఒక్క... ఓహో. అవా."

"ఏమే, నువ్వు గమ్మునుండు."

"నేనేమన్నా అంటినా? ‘ఓహో’ అంటి, అంతే. ‘ఓహో’ అనేకి కూడా నీ వరస రావల్లనా?"

"మీరిద్దరూ ఏదన్నా దాస్తాండారా?"

"ఏం దాస్తాం తల్లీ? తిను, చల్లారిపోతాది. మిరపకాయ బజ్జి నీకోసమే రెండు ఎక్కువ వేసినా."

"దాచేకి ఏముండాదిలే, 2007 నాకూ గుర్తుండాది జేజీ. అప్పుడు నాకు ఆరేండ్లు. అంతకు ముందు ఏడు మగ్గం గుంతలో పడి తొడ ఎముక ఇరిగింది. నెలల తరబడి మంచంలో ఉండి నడకే మరిచిపోతి. ఆసుపత్రిలో కసరత్తులు చేయించే యేసుప్రసాద్ మామ వచ్చి నడిపిచ్చేటోడు ఈ వీధిలో."

"అంత గుర్తుండాదా?"

"గుర్తు లేకేం? నేను లేచేసరికి మీరంతా ‘మోడం, మోడం’ అంటాంటిరి. మోడం వచ్చిందంటే పడుగు ఉండదు, వీధంతా నాదే. నేను మబ్బుల చదువే ఏమిటికి తీసుకుంటి అనుకున్నావు? నాకు వీధి ఇచ్చేకే మోడం వస్తాదని అనుకుంటాంటి. దేవుని మాదిరి మొక్కుతాంటి దానికి. జేజినాయనా, ఏమయింది? పొలమారిందా?"

"ఏం కాలే. బొరుగు గొంతుకు అడ్డం పడింది."

"నీళ్ళు తాగు. మా సారుకు కూడా అదే చెప్పినా. ఆ మోడాలకు నేనే సాక్షి సార్, నేను ఆ వీధిలోనే ఉంటి అని."

"ఆకాశం చూసినావా అమ్మా, అప్పుడు?"

"యాడ జేజీ? కింద చూసేకే సరిపాయె. కాలు యాడ పడతాదో అని భయం."

"అదీ మాట."

"ఏది మాట?"

"ఏమే, నిన్ను గమ్మునుండమంటి!"

"సరే, నీకు గుర్తు రావడం లేదేమో జేజినాయనా. ఒక్కొక్కటే చదువుతా, విను. జనవరి ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది. ఫిబ్రవరి నాలుగు, పదకొండు, పద్దెనిమిది, ఇరవై ఐదు. మార్చి నాలుగు, పదకొండు... ఉండుండు."

"చదువు, ఆపితివేం?"

"ఏడేడు దినాలకు వస్తాండాయి."

"మోడం గదా పాపా, దాని ఇష్టం."

"2007 జనవరి ఏడు ఏ వారం? చూస్తా ఉండు... ఆదివారం. పద్నాలుగు ఆదివారం. మార్చి నాలుగు... జేజినాయనా! నలభై ఒకటీ ఆదివారాలే!"

"మూడేండ్లు దాని మీదే కూచున్నానంటివి, ఇప్పుడు చూసినావా తల్లీ?"

"నెలకెన్ని అని కూడి చూసినాం జేజీ, వారం ఎవురు చూస్తారు? మబ్బుకు వారం ఉంటాదని ఎవురనుకుంటారు?"

"మీ సారుకు కూడా తట్టలేదా? కోడి పెట్టే గుడ్లకైనా లెక్క చూస్తారు గదమ్మా."

"మబ్బుకు ఆదివారం తెలీదు. శాటిలైటుకూ తెలీదు. ఆదివారం తెలిసేది మనిషి ఒక్కడికే. జేజినాయనా, నా పక్క చూడు. అవి మోడాలేనా?"

"ఉగ్గానిలో ఉప్పు తక్కువైంది."

"ఉప్పు సరిపోయింది. అడిగినదానికి చెప్పయ్యా, పెద్ద మనిషివి."

"ఏం చెప్పల్ల? యేసుప్రసాద్‌కు ఆదివారం తప్ప కుదరదు. మిగతా దినాలు ఆదోని ఆసుపత్రిలో డ్యూటీ. ఆ పొద్దు మొదటి బస్సుకు దిగి, నిన్ను గంటసేపు నడిపిచ్చి, తొమ్మిదికి మల్లా చర్చిలో ఉండల్ల. నడిచేకి ఇంట్లో జాగా యాడిది? రెండు మగ్గాలు, రెండు గుంతలు. నువ్వు పడింది ఆ గుంతలోనే గదా. బజారులో బస్సులు, సందుల్లో గుండ్రాళ్ళు. సాపుగా సిమెంటు పోసింది మన వీధి ఒక్కటే. ఆ యాళకు దాని నిండా పడుగు ఉంటాది. పిల్ల కాలు తడబడి పడుగు మీద పడితే, ఎవురిదో పదిహేను దినాల కష్టం పోతాది."

"అందుకని ‘మోడం’ అంటివి."

"అంటి."

"ఆకాశం తేటగా ఉన్నా?"

"సుక్కలు కనపడతాండె."

"సుక్కలు కనపడతాంటే మోడం అని అరిచినావా!"

"మొదటి ఆదివారం నోరు పెగల్లే. దగ్గు వచ్చినట్టు చేసి, దగ్గులో కలిపేస్తి. రెండోసారికి అలవాటు పడింది. ఆ ఏడు పదకొండు ఆదివారాలు నిజంగానే మోడం పట్టింది చూడు, ఆ పొద్దులు నాకు పండగే. ఎంత గట్టిగా అరిచినానో!"

"ఇదంతా ఎందుకు? మా పాప నడవల్ల, ఆదివారం వీధి ఇడవండి అని ఒక్క మాట అడిగింటే ఇచ్చేటోళ్ళు గదా?"

"వరస చెప్పేటోడు తన ఇంటి కోసం అడిగితే ఇంగ కట్టుబాటు ఉంటాదా? అంతకు ముందు ఏడే మన వీధిలోని పెద్ద ఈరన్న, తన కూతురు పెండ్లికి ఒక్క పొద్దు వీధి ఇడవమని అడిగినాడు. ‘మనిషి కోసం వీధి ఆగదు ఈరన్నా’ అంటి. ఆ నోటితోనే నా పాప కోసం ఎట్ల అడుగుదు? అడిగేకి మొగం లేక అబద్ధం రాసినా. ఎనిమిదిండ్లోళ్ళను నలభై ఒక్కసారి మోసం చేసినా పాపా. వాళ్ళు పిలిచి అన్నం పెడితే ముద్ద దిగేది కాదు. ఈరన్న పోయినప్పుడు పాడె మోసినా గానీ, ఆయప్ప మొగం సూడలేకపోతి."

"జేజినాయనా..."

"ఏడుస్తాండావా?"

"లే. మిరపకాయ బజ్జి. కారం."

"ఆ బజ్జి ఇంగా కొరకనే లేదు గదమ్మా నువ్వు."

"జేజీ, ఊరుకో!"

"పాపా, నీ వ్యాసం పోయినట్టేనా?"

"రేపు పంపాల్సింది పోయినట్టే. శాటిలైటు కన్ను బాగుండాది. సముద్రం మీద మబ్బు నిజంగానే తగ్గింది. సారుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పల్ల, తిట్టేంత తిడతారు. అంతా మల్లా మొదట్నుంచి రాయల్ల."

"అంతా నా వల్లనే."

"నీ వల్ల నడిచినా, నీ వల్ల మల్లా రాస్తా. కాళ్ళకంటే వ్యాసం పెద్దదా? అయినా నీ నోటుబుక్కు ఇంగా పనికొస్తాది. ఆ నలభై ఒకటీ తీసేస్తే, పన్నెండేండ్లు నీ మాటా దాని మాటా ఒకటే. శాటిలైటు నిజమే చెప్పిందని నిన్నే సాక్షిగా పెడతా."

"అంటే మొత్తానికి ఎవురు గెలిచినట్టు?"

"శాటిలైటే."

"మెల్లగా చెప్పు. పుల్లయ్య వింటాడు."

"ఇంగొకటి. తీసేసినవాటికి కారణం రాయల్ల. దానికొక గడి ఉండాది. ఏం రాయమంటావు?"

"రాయి. రాసినోడు అబద్ధాలకోరు అని రాయి."

"అట్ల నేను రాయను."

"ఇంగెట్ల రాస్తావు? వెంకటరాముడు అనేటోడు ఒక్కడు వీధి వీధినంతా మోసం చేసినాడు, పాపం ఆ ఎనిమిదిండ్లోళ్ళు ఏమీ తెలీక నమ్మినారు అని రాయి. అప్పుడు సంతకం పెడతా."

"అబ్బబ్బ, ఎచ్చులు సూడమ్మా! అబద్ధంలో కూడా తానొక్కడే మొనగాడంట! ఏమయ్యా, వాళ్ళకు కండ్లు లేవా? సుక్కలు నీకొక్కడికే కనపడతాండెనా?"

"ఏందే నువ్వనేది?"

"ఆ ఆదివారాలు ఈ గుంజ కాన్నుంచి ఆ గుంజకు ఒక తాడు కట్టింటాండె గదా, పాప పట్టుకోని నడిచేకి. అది కట్టింది ఎవురు?"

"నాకు గుర్తుండాది జేజీ ఆ తాడు! సరిగ్గా నా చెయ్యెత్తుకు ఉండేది. యేసుప్రసాద్ మామ కట్టేటోడు."

"యేసుప్రసాద్ బస్సు దిగేది ఆరింటికి. నేను కల్లాపి సల్లేకి వాకిట్లోకి వచ్చేసరికే తాడు కట్టింటాండె. ఈయప్ప లేచి, దగ్గి, ‘మోడం’ అని అరిచేదానికి గంట ముందర."

"నేను ఆకాశమే చూస్తాంటి, చీకట్లో తాడు చూడలే. కట్టేది యేసుప్రసాదే అనుకుంటి..."

"ఆయప్ప నువ్వే అనుకున్నాడు."

"పద్దెనిమిదేండ్లు నాతో ఒక్క మాట అనలేదేమే?"

"చెప్తే నువ్వు సిగ్గుపడి మల్లా ‘ఎండ’ అని అరుస్తావని నాతో ఒట్టు వేయించుకున్నారు. ఈ పొద్దు ఈ పిల్ల కాగితంలో వాళ్ళను ఏమీ తెలీనోళ్ళని రాయిస్తాంటే, ఇంగ నోరు కట్టుకోలేకపోతి."

"వాళ్ళు అంటే ఎవురు? ఈరన్ననా? చెప్పు, ఈరన్ననా కట్టింది?"

"ఈరన్న ఒక్కడే కాదయ్యా. ఏ ఆదివారం పడుగు వరస ఏ ఇంటిదో, ఆ పొద్దు ఆ ఇంటోళ్ళే తెల్లారకముందే మబ్బున లేచి వచ్చి, పాప చెయ్యెత్తుకు తాడు కట్టి పోతాండిరి."